లైఫ్ సర్టిఫికెట్టుకు పసుపు బొట్టు

కోలారు బంగారు గనుల నుంచి ఇంగ్లండుకు ఎంత బంగారం పోయిందో చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఇంగ్లండు నుంచి ఇటు తిరిగి వచ్చేదేమిటని అడిగితే మాత్రం గని కార్మికుల పేట అయిన చాంపియన్ రీఫ్స్‌లో ఒక సందుకు పోవలసిందే. ఆ సందు చివరింట్లో ఉండే నారాయణమ్మకు బ్రిటిష్ ప్రభుత్వం వారి వృద్ధాప్య పింఛను వస్తుంది. అది పౌనులుగా పుట్టి, రూపాయలుగా మారి, రాగిపిండిగానూ కందిబేడలుగానూ దంటు ఆకుగానూ అవతారాలెత్తి, చివరకు మధ్యాహ్నం పూట ఆ సందులోని ముసలి గని కార్మికుల కడుపుల్లో కైవల్యం పొందుతుంది. సామ్రాజ్యం కథ ఇలా రాగిముద్దలో ముగుస్తుందని చరిత్రకారులు ఇంకా గమనించినట్టు లేదు.

నారాయణమ్మ తండ్రి చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చి గనిలో దిగినవాడు. ఆమె ఓణీ వేసుకునే వయసులో ఒక ఇంజనీరు దొర బంగళాలో పిల్లల్ని ఆడించే పనికి కుదిరింది. గనులు సర్కారు చేతికి వచ్చి దొరలు పెట్టెలు సర్దుకునే రోజుల్లో, ఆ పిల్లలు నారాయణమ్మ జోకొడితే తప్ప నిద్రపోమని మొండికేశారు. దొరసాని ఆమెను కూడా సామానుతో పాటు ఓడెక్కించింది. హాలిఫాక్స్ అనే ఉన్నిమిల్లుల ఊరు చేరిన కొన్నాళ్లకే పిల్లల్ని హాస్టలు బడికి పంపేశారు. ఎవరూ జోకొట్టకుండా నిద్రపోవడం అక్కడ నేర్పుతారట. ఇక నారాయణమ్మ మిగిలింది. ఆమెను ఏం చెయ్యాలా అని దొరసాని ఇంకా ఆలోచిస్తుండగానే, ఆమె వీధి చివరి బడి వంటగదిలోకి నడిచి వెళ్లి, చేతులు కడుక్కుని, బంగాళాదుంపలకు తొక్క తీయడం మొదలుపెట్టింది.

"పొమ్మని ఎవురూ చెప్పలేదు. అందుకని రిటైరయ్యేదాకా ఉండిపోయినాను" అంటుంది. పెళ్లి సంగతి అడిగితే తీరిక దొరకలేదంటుంది.

ఆ దేశంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనాన్ని డిన్నర్ అంటారు, దాన్ని వడ్డించే ఆమెను డిన్నర్ లేడీ అంటారు. పేరు వింటే ముత్యాల దండ కళ్ల ముందు కదులుతుంది గాని, నిజానికి ఆ పదవికి కావలసినవి తలకు ఒక గుడ్డ, చేతిలో ఒక గంటె, నోట్లో "తోసుకోవద్దు" అనే ఒక మాట. ఈ మూడింటితో నారాయణమ్మ కొన్ని తరాల ఇంగ్లీషు పిల్లల చేత క్యాబేజీ తినిపించింది. మన దేశాన్ని అంతకాలం ఏలినవాళ్ల మనవలు మన గని కూలీల లైన్ల పిల్ల మాటకు జడిసి కంచాలు ఖాళీ చేశారన్న సంగతి మన స్వాతంత్ర్య చరిత్రలో ఎక్కడా కనిపించదు. అది చరిత్ర పొరపాటే.

ఆమె రిటైరై తిరిగి వచ్చేసరికి గనులు కూడా రిటైరై ఉన్నాయి. సైరన్ మూగబోయింది. పిల్లలు తెల్లారగానే రైలెక్కి బెంగళూరుకో, కంపెనీ బస్సెక్కి జిల్లాలోనే ఉన్న నరసాపురానికో వేమగల్‌కో పోతారు. ఇళ్లల్లో మిగిలినవాళ్లు ఒకప్పుడు భూమి అడుగున పనిచేసి, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము దాచుకుని పైకి వచ్చిన మనుషులు. చాలామందికి భార్యలు లేరు. మధ్యాహ్నం టీలో బన్ను ముంచుకుని తిని, దాన్ని భోజనమని చెప్పుకుంటున్నారు. నారాయణమ్మ రెండు రోజులు గడప మీద కూర్చుని ఈ అనాచారాన్ని చూసింది. మూడో రోజు వాకిట్లో ఒక రైలు పట్టా ముక్క వేలాడదీసి సుత్తితో కొట్టింది.

గని మనుషులకు మోత వినిపిస్తే లేచి నడవడం అలవాటు. వచ్చి నిలబడ్డారు. ఆ నిలబడడం ఇప్పటికీ సాగుతూనే ఉంది. నియమాలన్నీ హాలిఫాక్స్ బడివే. చేతులు కడుక్కోవాలి. వరుస తప్పకూడదు. ఆకుకూర తినకుండా రెండో ముద్ద అడగకూడదు. తట్ట, అంటే కంచం, ఎవరిది వాళ్లే కడగాలి. శుక్రవారం కస్టర్డ్ ఉంటుంది, తట్టలో ఆకుకూర మిగిలినవాడికి ఉండదు. గనిలో మందుపెట్టె మోసిన చిన్నన్న, అంటే రాయిని పేల్చే డైనమైటును భుజాన పెట్టుకుని చీకట్లో నడిచిన మనిషి, ఈ వయసులో దంటు ఆకును ముద్ద కింద దాచిపెట్టి పట్టుబడుతుంటాడు.

"ముద్ద ఎత్తి చూపించు చిన్నన్నా."

"అక్కా, గనిలో కూడా మమ్మల్ని ఇంత తనిఖీ చేసి ఉండలేదు."

"అందుకే గని మూసేసినారు. ఎత్తు."

ఇప్పుడు పింఛను నియమాలు రెండు చెప్పాలి. మొదటిది: పింఛనుదారు ఇంగ్లండులో ఉంటే ఆ మొత్తం ఏటేటా పెరుగుతుంది. కొన్ని దేశాల్లో ఉన్నా పెరుగుతుంది. ఇండియాలో స్థిరపడితే, దేశం విడిచిన నాడు ఎంత ఉందో చివరిదాకా అంతే. కోలారు జిల్లాలో ధరలు పెరగవని బ్రిటిష్ ప్రభుత్వం వారి దృఢవిశ్వాసం. మన మీద ఇంత విశ్వాసం మన ప్రభుత్వానికి కూడా లేదు. రెండో నియమం: పింఛనుదారు బతికి ఉండాలి. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. బతికి ఉన్నట్టు అప్పుడప్పుడు ఒక ఫారం పంపుతారు, దాని పేరు లైఫ్ సర్టిఫికెట్. బంధువు కాని పెద్దమనిషి ఒకరు, డాక్టరో బ్యాంకు అధికారో, ఈమెను కళ్లారా చూసి సంతకం పెట్టాలి. గడువులోగా అది తిరిగి చేరకపోతే పింఛను ఆగుతుంది.

పోయిన ఏడు ఆ ఫారం దసరా ముందు వచ్చింది. బ్యాంకు మేనేజరు నేత్రావతి నారాయణమ్మను పైనుంచి కిందికి చూసి, కాఫీ తెప్పించి, ఆమె తాగడం కూడా చూసి, అడుగున మూలలో నీలి జెల్ పెన్నుతో సంతకం పెట్టింది. పండగ సెలవులు. పోస్టాఫీసు తెరిచాక పంపుదామని నారాయణమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది.

ఆమెతో పాటు ఉండేది తమ్ముడి మనవరాలు మాల, నరసాపురంలో మోటారు సైకిళ్లు చేసే ఫ్యాక్టరీలో పని. ఆయుధ పూజ నాడు, నారాయణమ్మ స్నానానికి పోయిన సమయంలో, మాల ఇంట్లో అన్నం పెట్టే వస్తువులన్నిటికీ శ్రద్ధగా పసుపు కుంకుమ పెట్టింది. గ్యాస్ పొయ్యికి, మిక్సీకి, పెద్ద గంటెకు, రైలు పట్టా ముక్కకు, తన కంపెనీ ఐడీ కార్డుకు. గూట్లో కవరు కనిపించింది. ఈ ఇంటికి అసలు అన్నం పెట్టేది ఇదే గదా అనుకుంది. కాగితం బయటికి తీసి, శుభలేఖకు పూసినట్టే, పసుపు తడిపి నాలుగు మూలలా పూసింది. నడుమ కుంకుమ బొట్టు పెట్టింది. హారతి చూపించి, ఆరబెట్టి, కవర్లో పెట్టి అంటించేసింది. పోస్టు చేసింది కూడా తనే.

మన ఆచారం ప్రకారం చావు కబురు మోసే కాగితానికి పసుపు ఉండదు. నాలుగు మూలలా పసుపు ఉన్నదంటే లోపల శుభమని చదవకముందే తెలుస్తుంది. ఆ లెక్కన ఒక మనిషి బతికే ఉందని చెప్పడానికి ఇంతకు మించిన పత్రం ప్రపంచంలో ఏ పింఛనాఫీసుకూ చేరి ఉండదు. కాకపోతే ఆ ఆఫీసువాళ్లకు పసుపు చదవడం రాదు, వాళ్లు చదవగలిగిన సంతకమేమో పసుపులో కరిగిపోయింది.

పింఛను పడవలసిన రోజున పడలేదు. కొన్నాళ్లకు జాబు వచ్చింది. దాన్ని మన భాషలోకి దించితే ఇలా ఉంటుంది: తమరి పత్రము అందినది, సాక్షి సంతకము గల భాగము గుర్తు తెలియని పసుపు పదార్థము వలన చదువుటకు వీలుకాక ఉన్నది, తమరు జీవించి ఉన్నట్లు ధ్రువపడువరకు చెల్లింపు నిలిపివేయబడినది.

నారాయణమ్మ జాబు మడిచి, మాల వైపు చూసింది.

మాల ఏమీ దాచలేదు. "ఫ్యాక్టరీలో రోబోటుకే బొట్టు పెట్టినాము అవ్వా. దానికి మొగం కూడా లేదు, యాడ పెట్టాలో తెలీక చెయ్యికి పెట్టినాము. మనకు అన్నం పెట్టే కాగితానికి పెట్టకూడదా?"

"పెట్టొచ్చమ్మా. సంతకం మీద తప్ప యాడైనా పెట్టొచ్చు."

"నాలుగు మూలలా అంటే నాలుగు మూలలా గదా."

నారాయణమ్మ లేచి సామాన్ల గదిలో డబ్బాల మూతలు తీసి చూసింది. ఉన్నది కొన్నాళ్లకు సరిపోతుంది. కొత్త ఫారం వచ్చి, సంతకమై, తిరిగి సముద్రాలు దాటేదాకా సరిపోతుందో లేదో ఆ డబ్బాలు చెప్పలేదు.

రాబర్ట్‌సన్‌పేటలో జెరాక్సు, ఆన్‌లైను పనులు చేసే పురుషోత్తమ్‌కు ఈ సంగతి తెలిసి, తనంతట తానే సందులోకి వచ్చాడు. సాయం చేసే గుణం ఉన్నవాడే. చట్టం ఎక్కడ సన్నగా ఉందో వేలితో తడిమి చెప్పగలడు.

"పెద్దమ్మా, ఒక మాట చెప్తాను, బేజారు చేసుకోవద్దు. ఆ హాలిఫాక్స్‌లో నీ స్నేహితురాలు ఎవరో ఉండారంట గదా?"

"డోరీన్. నాతో పాటే గంటె పట్టినాది."

"ఆమె ఇంటి అడ్రసు ఇయ్యి. తిరిగి ఇంగ్లండుకు వచ్చేసినాను, ఇంగ ఈడే ఉంటాను అని రాసేస్తాము. ఏటేటా పింఛను పెరుగుతాది. బతికుండావా లేదా అని అడిగే కాగితం పీడ కూడా ఉండదు. నువ్వు పోనక్కర్లే, కాగితం పోతే చాలు."

నారాయణమ్మ దంటు ఆకు గిల్లుతూనే వింది. "మా బడిలో ఒక పిల్లోడు ఉండె పురుషోత్తమా. రెండు వరుసల్లో నిలబడతా ఉండె. ఈ వరుసలో ఒక పేరు, ఆ వరుసలో ఒక పేరు."

"మంచి తెలివిమంతుడు."

"చివర్లో నిలబడిన పిల్లకు పుడ్డింగు మిగల్లేదు. వడ్డించేదాన్ని నేను. ఆ పిల్ల మొగం చూసినాను."

"అది పిల్లకాయల సంగతి పెద్దమ్మా, ఇది గవర్నమెంటు."

"వరుస వరుసే నాయనా. నేను తినేది ఈడ, పండుకునేది ఈడ. ఆడ ఉండానని ఏ నోటితో చెప్పేది? ఆ చేట ఇట్ల అందియ్యి."

పురుషోత్తమ్ చేట అందించాడు. భోజనం కూడా చేసి వెళ్లాడు, తట్ట కడిగి.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఇంగ్లండులో ఆఫీసు తెరిచే సమయం చూసుకుని, మాల తన సెల్లు నుంచి ఫోను కలిపింది. తట్టలు కడుగుతున్నవాళ్లంతా చేతులు తుడుచుకుని చుట్టూ చేరారు. చాలాసేపు వాయిద్య సంగీతం వినిపించింది. చిన్నన్న దాన్ని భక్తిగా విన్నాడు. చివరకు ఒక అమ్మాయి పలికింది. నారాయణమ్మ ఇంగ్లీషు దొరల ఇంగ్లీషు కాదు, ఉన్నిమిల్లుల ఇంగ్లీషు. అది వినగానే అటువైపు అమ్మాయి కొంచెం దగ్గరగా జరిగి కూర్చుని మాట్లాడినట్టయింది.

ఆ పసుపు మరక గురించి అమ్మాయి మర్యాదగా అడిగింది. "కూర ఏమైనా ఒలికిందా అండీ?"

"కూర కాదు తల్లీ. దేవుడు."

"దానికి మా దగ్గర కాలమ్ లేదండీ. కొత్త ఫారం పంపుతాను. ఒకసారి వివరాలు సరిచూసుకుంటాను. మీరు ప్రస్తుతం ఉంటున్న దేశం?"

ఆ సమయానికి పురుషోత్తమ్ కూడా గడపలో ఉన్నాడు. అతను చేతిని మెల్లగా పైకెత్తి, విమానం పోయినట్టు పడమటికి చూపించాడు.

"ఇండియా" అంది నారాయణమ్మ. "కోలారు జిల్లా. చాంపియన్ రీఫ్స్."

"ఇంగ్లండుకు తిరిగి వచ్చి ఉండే ఉద్దేశం ఉందా?"

"రేపు మధ్యాహ్నం వంట ఉండాది తల్లీ."

అమ్మాయి అది రాసుకుందో లేదో తెలియదు. ఫారం పంపుతానంది, పోస్టు కదా, వారాలు పడుతుందంది. ఇంగ్లీషు అర్థం కానివాళ్లకు మాల అంతా విడమరిచి చెప్పింది. అది ఆమె చేసిన రెండో పొరపాటు. పింఛను ఆగిందని, వంట డబ్బాల్లో మిగిలిన సరుకుతోనే సాగుతోందని ఆ రోజుతో అందరికీ తెలిసిపోయింది.

తర్వాతి శుక్రవారం కస్టర్డ్ లేదు. ఎవరూ అడగలేదు. ఎప్పుడూ అడిగే మనుషులు అడగకపోవడం నారాయణమ్మకు నచ్చలేదు. సోమవారం వరుస పొట్టిగా ఉంది. గనిలోకి మనుషుల్ని దింపే లిఫ్టుకు గంట కొట్టిన రామకృష్ణప్పకు బేతమంగళలో కూతురింట్లో భోజనమని కబురొచ్చింది. ఇంకొకాయనకు అరుగుదల లేదట. మంగళవారం చిన్నన్న కూడా రాలేదు, ఇంట్లోనే వండుకుంటున్నాడట. చిన్నన్న ఇంట్లో పొయ్యి ఆయన భార్య పోయిన రోజు నుంచి బట్టలు పెట్టుకునే బల్లగా పనిచేస్తోంది.

బడిలో వడ్డించిన మనిషికి ఆకలి దాచుకునే మొహం కొత్త కాదు. నారాయణమ్మ గంటె ఒక చేత్తో, సుత్తి ఒక చేత్తో పట్టుకుని సందులోకి దిగింది. ముందు చిన్నన్న తలుపు. లోపల ఆయన టీలో బన్ను ముంచుతున్నాడు.

"ఏం వండినావు చిన్నన్నా?"

"అన్నం... మిరియాల సారు..."

"సారు గ్లాసులో పోసుకున్నావే."

చిన్నన్న బన్ను కింద పెట్టాడు. "అక్కా, నువ్వు ఎన్ని రోజులని తీస్తావు ఆ డబ్బాల్లో నుంచి? మేము నలుగురం తగ్గితే మిగిలినోళ్లకు కొన్ని దినాలు ఎక్కువ వస్తాది. అందరం మాట్లాడుకొనే చేసినాము."

"రామకృష్ణప్పకు కూతురు లేదు. ఇద్దరూ కొడుకులే. అబద్ధం మాట్లాడుకునేటప్పుడు అదన్నా చూసుకోవద్దా?"

"అది తొందరలో అయిపోయినాది."

"నా వంటింట్లో ఎవరు తినాల, ఎవరు మానాల అనేది నేను చెప్పాల. లే."

చిన్నన్న లేవలేదు. ఆయనకు కూడా ఒక పౌరుషం ఉంది. కాసేపు దగ్గి, ఊపిరి కూడగట్టుకుని అడిగాడు. "ఆ ఇంగ్లీషు బడిలో అందరూ నీ వంటే తింటా ఉండిరా? ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునే పిల్లకాయలు లేరా?"

నారాయణమ్మ గంటె దింపింది. నిజమే. ఉండేవాళ్లు. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునే పిల్లలకు వేరే బల్ల ఉండేది. వాళ్లను పొమ్మనే అధికారం ఏ డిన్నర్ లేడీకీ లేదు. ఆమె నియమాన్నే తెచ్చి ఆమె ముందు నిలబెట్టినవాడు ఆమె జీవితంలో చిన్నన్న ఒక్కడే.

"ఉండిరి" అంది.

"అయితే మేమూ తెస్తాము."

మర్నాడు వరుస మళ్లీ పొడుగైంది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క డబ్బా. ఒకరు రాగిపిండి, ఒకరు మునగాకు, ఒకరు ఎవరి తోటలోదో అడగకూడని మామిడికాయ తెచ్చారు. రామకృష్ణప్ప కూతురింటి నుంచని చెప్పి పెరుగు తెచ్చాడు. నారాయణమ్మ అన్నిటినీ ఒకచోట చేర్చి, వండవలసినవి వండి, ఎవరి వంతు వాళ్లకు వడ్డించింది. ముఖం మాత్రం గంటుగానే పెట్టుకుంది. బల్ల ఒక్కటే ఉంది కాబట్టి రెండో బల్ల నియమాన్ని ఆ సందు వరకు సడలించారు.

కొత్త ఫారం వచ్చిన రోజున, దాన్ని దేవుడి గూట్లో కాకుండా బీరువాలో పెట్టి, తాళం చిన్నన్నకు ఇచ్చారు. మాల తనంతట తానే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. బ్యాంకుకు తీసుకుపోయే పని చిన్నన్న తనదన్నాడు. డైనమైటు మోసే పద్ధతి ఆయనకు తెలుసు. మందుపెట్టె మోసేవాడు నడుమ నడవాలి, పేలుడు టోపీలు, అంటే డిటోనేటర్లు, వేరొకడి దగ్గర ఉండాలి, ముందు ఒకడు కేక వేసుకుంటూ దారి తీయాలి, దరిదాపుల్లో బీడీ వెలగకూడదు. ఆ ప్రకారమే ఫారం చిన్నన్న గుండెకు ఆనించుకున్నాడు. కవరు, గోందు సీసా వేరుగా రామకృష్ణప్ప పట్టుకుని పది అడుగుల ఎడంగా నడిచాడు. మిగిలినవాళ్లు ముందు నడుస్తూ టీ అంగడి దగ్గర అందరి గ్లాసులూ పక్కకు తీయించారు. నారాయణమ్మ ఈ ఊరేగింపు చివర, తనకేమీ సంబంధం లేనట్టు, గొడుగు వేసుకుని నడిచింది.

నేత్రావతి ఆ గుంపును చూసి లేచి నిలబడింది. "ఏనాయ్తు అమ్మా, ఏమైంది? ఇంతమంది సాక్షులా? నాకు ఒక్క సంతకం చాలు."

"వీళ్లు సాక్షులు కాదమ్మా. డిన్నర్ టైముకు ముందే వచ్చేసినారు" అంది నారాయణమ్మ. "ఆ నీలి పెన్ను వద్దు. బాల్ పెన్ను ఉంటే చూడు."

బాల్ పెన్నుతోనే సంతకం అయింది. పోస్టాఫీసులో కవరు తూచి, ముద్ర గుద్ది, సంచిలో పడేసేదాకా చిన్నన్న కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. సంచి పోయాక చెమట తుడుచుకున్నాడు. గనిలో మందు మోసిన రోజుల్లో కూడా ఇంత ఊపిరి బిగబట్టలేదన్నాడు. ఆయన ఊపిరి సంగతి తెలిసినవాళ్లకు అది చిన్న మాట కాదు.

డబ్బాలు అడుగంటాయి. గంటె తగిలితే రేకు మోగేది. ఈ ముసలి పిల్లకాయలు తెచ్చిన డబ్బాలతోనే కొన్ని వారాలు గడిచాయి. ఒక శుక్రవారం పోస్టుమాను జాబు తెచ్చిచ్చాడు. వరుస నిలబడే ఉంది. నారాయణమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదివి, అందరికీ వినిపించేలా మన మాటల్లో చెప్పింది. తాను బతికే ఉన్నట్టు ఇంగ్లండు వారు తృప్తి చెందారు. ఆగినదంతా కలిపి పంపారు. తాను ఇండియాలో ఉంటున్నందున ఇక మీదట కూడా ఆ మొత్తం పెరగదు.

చిన్నన్న జాబు వైపు, ఆమె వైపు చూశాడు. "అంటే ఏమక్కా? బతికుంటే చాలంట, పెరగాల్సిన పని లేదంట."

"నువ్వూ అంతే గదా" అంది నారాయణమ్మ. "మాలా, కింది షెల్ఫులో కస్టర్డ్ పొడి ఉండాది, తియ్యి."

ఆ పొడి డబ్బా అన్ని వారాలూ అక్కడే, మూత తీయకుండా ఉంది. ఈ రోజుకనే దాచినట్టుంది. పాలు కాగాయి. నారాయణమ్మ తలకు గుడ్డ కట్టుకుని, గుండిగ ముందు నిలబడి, వరుసలో మొదటివాడి తట్ట చూసింది. అది చిన్నన్నది. దానిలో ముద్ద కొంచెం ఎత్తుగా కూర్చుని ఉంది.

"ముద్ద ఎత్తు" అంది.